పాత సింక్: రుద్ది బాగుచేయాలా, పీకి మార్చాలా?

ఈ రోజు ఎపిసోడ్ చేవెళ్లలో మా పెద్దమ్మ వాళ్ల వంటింట్లో మొదలై, మొయినాబాద్ దగ్గర మా ఇంట్లో పూర్తవుతుంది. రెండు ఇళ్లు, రెండు పాత సింకులు. ఒకటి స్టీల్‌ది, ఇంకోటి తాండూరు బండతో కట్టింది. స్టీల్ సింక్‌ని పీకేసి కొత్తది పెట్టాలని నేను అనుకున్నా. బండ సింక్‌ని మాత్రం ఎట్లయినా కాపాడుకోవాలని అనుకున్నా. రెండింట్లోనూ నా లెక్క తప్పింది. ఎక్కడ తప్పిందో, ఎంత ఖర్చయిందో దాచకుండా చెప్తా. మీ ఇంట్లో సింక్ పాతబడి ఉంటే ఈ పది నిమిషాలు మీకు పనికొస్తాయి.

కొత్తగా చూస్తున్నవాళ్లకి ఒక మాట. నేను బీటెక్ చేసి, గచ్చిబౌలిలో ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు ఇంటి నుంచే ఈ వీడియోలు చేస్తున్నా. నేను ప్లంబర్‌ని కాదు. తెలియని చోట తెలిసినవాళ్లని పిలిచే చేయించా.

పెద్దమ్మ ఫోన్

ఒకరోజు పొద్దున్నే పెద్దమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, సింక్ మొత్తం ఖరాబయింది. కింద నీళ్లు కారుతున్నయి. ఒకాయన వచ్చి చూసి మొత్తం మార్చాలె, తొమ్మిది వేలయితది అన్నడు. ఏం జేద్దాం?" అంది.

నేను సింక్ చూడకుండానే "మార్చేయ్ పెద్దమ్మా, పన్నెండేళ్లయింది కదా" అన్నా. ఆన్‌లైన్‌లో రెండు మోడల్స్ లింకులు కూడా వాట్సాప్‌లో పంపించా. సాఫ్ట్‌వేర్‌లో ఎవడైనా ఇట్లా చేస్తే మనం ఊరుకుంటామా? యాప్ క్రాష్ అయితే ముందు లాగ్స్ చూస్తాం. ఎర్రర్ ఎక్కడుందో తెలియకుండా మొత్తం కోడ్ మళ్లీ రాద్దాం అనేవాడిని మీటింగ్‌లో నుంచి బయటికి పంపుతాం. నేను చేసింది అదే పని.

ఆ ఆదివారం బైక్ మీద చేవెళ్ల వెళ్లా. ఆ రోడ్డు మీకు తెలుసు కదా, రెండు పక్కలా పాత మర్రిచెట్లు ఉండే దారి. వెళ్లి చూస్తే పెద్దమ్మ చెప్పిన "ఖరాబు"లో నిజానికి నాలుగు వేరువేరు సమస్యలు ఉన్నాయి. కింద నీళ్లు కారడం ఒకటి. ట్యాప్ కింద తెల్లగా గట్టిగా పేరుకున్న పొర రెండోది. అక్కడక్కడా గోధుమ రంగు మచ్చలు మూడోది. మొత్తం గీతలు పడి మెరుపు పోవడం నాలుగోది. వీటిలో ఏది సింక్ జబ్బు, ఏది కాదు? ఒక్కొక్కటి చూద్దాం.

ముందు లీకు ఎక్కడో చూడండి

సింక్ కింద ఉన్న డబ్బాలు, సంచులు అన్నీ తీసేయండి. పైపుల్ని పొడిగుడ్డతో తుడిచేయండి. కింద పాత న్యూస్‌పేపర్ పరచండి. జాలీ మూసి సింక్‌లో సగం దాకా నీళ్లు పట్టి పదిహేను నిమిషాలు ఆగండి. పేపర్ తడవలేదంటే సింక్ గిన్నెకి చిల్లు లేదన్నట్టు. అప్పుడు మూత తీసి నీళ్లు ఒక్కసారిగా వదలండి. ఫోన్ టార్చ్ వేసి కింద చూస్తూ ఉండండి, మొదటి చుక్క ఎక్కడ కనపడుతుందో అక్కడే సమస్య.

పెద్దమ్మ సింక్‌లో నీళ్లు నిలబడ్డంతసేపు పేపర్ పొడిగానే ఉంది. వదలగానే వేస్ట్ కప్లింగ్ కింద, పైపు బిగించే చోట చుక్కలు మొదలయ్యాయి. లోపలి రబ్బరు వాషర్ ఎండి చీలిపోయింది. అంతే! తొమ్మిది వేల సమస్య నిజానికి వాషర్ సమస్య. కప్లింగ్ కూడా పాతది కాబట్టి రెండూ కలిపి మార్చాం.

ఇంకో చోట కూడా చూడాలి. సింక్ అంచు, గ్రానైట్ గట్టు కలిసే చోట సిలికాన్ ఊడిపోతే నీళ్లు ఆ సందులోంచి కిందికి దిగుతాయి. అప్పుడు కూడా అందరూ సింకే కారుతోంది అనుకుంటారు. పాత సిలికాన్ బ్లేడ్‌తో గీకేసి, తడి లేకుండా ఆరనిచ్చి, కొత్తది పెట్టి ఒక రోజంతా నీళ్లు తగలకుండా వదిలేయాలి. సాయంత్రమే గిన్నెలు తోమడం మొదలుపెడితే ఆ పని చేసినా చేయనట్టే.

తెల్ల పొర, గోధుమ మచ్చలు

తెల్ల పొర బోరు నీళ్ల వల్ల వస్తుంది. మా వైపు చాలా బోర్లలో నీళ్లు గట్టివి. సబ్బు రుద్దితే నురగ సరిగా రాదు, కుక్కర్ అడుగున తెల్లగా గడ్డ కడుతుంది. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలే దానికి కారణం. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు.

ఆ పొర ఎక్కువగా కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయిలో ఉండే పదార్థమే. పులుపు తగిలితే కరుగుతుంది. టిష్యూ పేపర్‌ని నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో తడిపి ఆ పొర మీద పది నిమిషాలు పరచండి. తర్వాత మెత్తటి స్పాంజితో తుడిచి బాగా కడిగేయండి. పెద్దమ్మ చూసి "గిదంత గిట్లనే పోతదా?" అని ఆశ్చర్యపోయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక, దయచేసి స్కిప్ చేయొద్దు. నిమ్మరసం, వెనిగర్, యాసిడ్, వీటిలో దేన్నీ బ్లీచింగ్‌తో కలపకండి. కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. చిన్న వంటింట్లో అది ఊపిరితిత్తులకి ప్రమాదం.

ఇప్పుడు గోధుమ మచ్చలు. స్టెయిన్‌లెస్ స్టీల్‌కి తుప్పు పట్టకపోవడానికి కారణం అందులోని క్రోమియం. గాలి తగలగానే పైన కొన్ని నానోమీటర్ల మందంలో క్రోమియం ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. గీత పడినా ఆ పొర మళ్లీ దానంతట అదే కట్టుకుంటుంది. కానీ క్లోరైడ్ ఆ పొరని తింటుంది. బాత్రూమ్ యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్. బ్లీచింగ్, రాత్రంతా నిలవుండే ఉప్పునీళ్లు కూడా ఇదే పని చేస్తాయి. మీరు మెరుపు కోసం యాసిడ్ పోసిన ప్రతిసారీ సింక్ ఆయుష్షు తగ్గుతుంది.

మచ్చ మీద గోరుతో గీయండి. నున్నగా ఉండి, సోడా ఉప్పు ముద్దతో రుద్దితే పోయిందంటే అది బయటి తుప్పు. స్టీల్ పీచు ముక్కలు, రాత్రంతా వదిలేసిన ఇనుప పెనం, ఇవే దాన్ని అంటిస్తాయి. గోరు గుంటలో దిగబడితే అది స్టీల్ లోపలికి తినేసిన మచ్చ. ఆ గుంటని రుద్ది నింపలేం. ఒకటీ అరా ఉంటే వాడుకోవచ్చు, అడుగంతా అట్లాగే ఉంటే మార్చాల్సిందే. పెద్దమ్మ సింక్‌లో ఎనిమిది మచ్చలు ఉంటే ఏడు సోడా ఉప్పుతోనే పోయాయి.

గీతలు

చాలా స్టీల్ సింకుల మీద ఒకే వైపు సాగే సన్నటి గీతలు కంపెనీ నుంచే ఉంటాయి. దగ్గరగా చూస్తే కనపడతాయి. హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపర్ అడగండి, 400 నంబర్ ఒకటి, 600 నంబర్ ఒకటి. నీళ్లతో తడిపి ఆ గీతల దిశలోనే రుద్దాలి. గుండ్రంగా తిప్పితే ఉన్న అందం కూడా పోతుంది. ముందు ఒక మూల చిన్న చోట రుద్ది చూసుకోండి. అద్దంలా మెరిసే ఫినిష్ ఉన్న సింక్ మీద ఈ పని అసలు చేయకండి.

గంటన్నర రుద్దా. కొత్తదానిలా అయిందా అంటే, కాలేదు. కానీ అడ్డదిడ్డంగా ఉన్న గీతలు పోయి అంతా ఒకే తీరుగా కనపడుతోంది. మొత్తం ఖర్చు కప్లింగ్, వాషర్, వాటర్ పేపర్లు, సిలికాన్ కలిపి 620 రూపాయలు. పెద్దమ్మ మిగిలిన డబ్బులతో మిక్సీ బాగుచేయించుకుంది.

ఒకటి అడుగుతారని తెలుసు: "పైన ఎపాక్సీ కోటింగ్ వేసి కొత్తదిలా చేస్తారంట కదా?" అది ఎక్కువగా పింగాణీ తొట్లకి, బాత్‌టబ్బులకి చేసే పని. వంటింటి సింక్‌లో మనం కాలే కడాయి పెడతాం, వేడి గంజి వంపుతాం, బోళ్లు ధన్‌మని పడేస్తాం. ఒక చోట పెచ్చు లేచిందంటే నీళ్లు దాని కిందికి దూరి మిగతాది కూడా ఊడుతుంది. స్టీల్ సింక్‌కి ఆ ఖర్చు నేను పెట్టను.

ఇప్పుడు మా ఇల్లు

చేవెళ్లలో పని బాగా జరిగేసరికి నాకు ధైర్యం ఎక్కువైంది. మా ఇంటి సింక్ నాన్న 2004లో మేస్త్రీతో కట్టించింది. అడుగున ఒక తాండూరు బండ, చుట్టూ నాలుగు బండలు, మధ్యలో సిమెంటు. తాండూరు ఇప్పుడు వికారాబాద్ జిల్లాలో ఉంది, 2016కి ముందు మా రంగారెడ్డి జిల్లాలోనే ఉండేది. మా వైపు పాత ఇళ్లలో నేల నుంచి అరుగు దాకా ఆ బండే. చిన్నప్పుడు నేను గట్టెక్కి కూర్చుంటే నానమ్మ ఆ సింక్‌లోనే నా కాళ్లు కడిగేది. దాన్ని పీకేయడం నాకు ఇష్టం లేదు.

దాని పరిస్థితి చెప్తా. అడుగు గరుకుగా అయిపోయింది, మెతుకులు అంటుకుంటే పోవు. మూలల్లో సిమెంటు కొట్టుకుపోయింది. అడుగు బండకి వెంట్రుకంత పగులు ఉంది.

ఎందుకు గరుకైంది? తాండూరు బండ సున్నపురాయి జాతి. పెద్దమ్మ ఇంట్లో నిమ్మరసంతో కరిగించిన తెల్ల పొర గుర్తుందా? ఈ బండలో ప్రధానంగా ఉన్నది ఆ పదార్థమే. పెరట్లో పడి ఉన్న ముక్క మీద నిమ్మకాయ పిండా, ఇక్కడ దగ్గరగా చూడండి, చిన్న బుడగలు వస్తున్నాయి. అది కార్బన్ డయాక్సైడ్. అంటే బండ కరుగుతోంది. ఇరవై ఏళ్లు చింతపండు పులుసు, మజ్జిగ, నిమ్మ సబ్బు పడితే అడుగు గరుకెక్కక ఏమవుతుంది? మీ ఇంట్లో తాండూరు, షాబాద్, కడప బండ ఏది ఉన్నా సరే, స్టీల్‌కి చెప్పిన నిమ్మకాయ చిట్కా దానికి వాడొద్దు. గ్రానైట్ వేరే జాతి రాయి, అది ఇట్లా పొంగదు.

నేనేం చేశానంటే, బండ పాలిష్ చేసే ఒక అన్నని పిలిచి అడుగు నున్నగా చేయించా. సందుల్లో పాత సిమెంటు తవ్వి ఎపాక్సీ నింపించా. 2,800 అయింది. ఈ పని మీరు సొంతంగా చేయకండి. పొడిగా రుద్దితే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తడిగా రుద్దితే చేతిలో కరెంటు మెషిన్ ఉంటుంది. పని అయ్యాక సింక్ ఎంత బాగుందంటే రీల్ కూడా పెట్టా. చాలామంది చూశారు.

రెండు నెలల తర్వాత వంటింటి గోడకి అవతల, గదిలో రంగు ఉబ్బి పెచ్చులు ఊడటం మొదలైంది. అప్పుడు నేను మొదట్లోనే చేయాల్సిన పరీక్ష చేశా. రాత్రి జాలీకి గట్టిగా మూత బిగించి, నీళ్లు పట్టి, పెన్సిల్‌తో గీత పెట్టా. పొద్దున్నకి నీళ్లు గీత కింద వేలెడు దిగాయి. కింద కప్లింగ్ దగ్గర ఒక్క చుక్క లేదు. అడుగు బండ పగులులోంచి నీళ్లు సిమెంటులోకి, అక్కడి నుంచి గోడలోకి పోతున్నాయి. పైన ఎంత పాలిష్ పెట్టినా లోపల పగిలిన బండ పగిలినట్టే ఉంటుంది. నేను బాగుచేసింది కనపడే భాగాన్ని మాత్రమే.

అమ్మ అన్న మాట

అయినా నాకు వదలబుద్ధి కాలేదు. "అడుగు బండ ఒక్కటి మార్పిద్దాం అమ్మా, మిగతాది అట్లనే ఉంచుదాం. నాన్న కట్టించింది కదా, నానమ్మ యాది కదా" అన్నా.

అమ్మ గిన్నెలు తోముతూనే అంది: "నీకు అది యాది. నాకు నడుమునొప్పి."

నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. అన్ని రోజులు ఆ సింక్ గురించి మేస్త్రీని అడిగా, పాలిష్ అన్నని అడిగా, వీడియోలు చూశా. రోజుకి మూడుసార్లు దాని ముందు నిలబడే మనిషిని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.

టేపు తీసుకుని కొలిచా. గట్టు ఎత్తు 28 అంగుళాలు. సింక్ లోతు 10. అంటే అడుగు నేలకి 18 అంగుళాల ఎత్తులోనే ఉంది. నాన్న అది నానమ్మ ఎత్తుకి కట్టించాడు, ఆమె బాగా పొట్టి. అమ్మ ఆమెకన్నా జానెడు పొడుగు. ఇరవై ఏళ్లుగా అమ్మ ఇంకొకరి ఎత్తుకి వంగి బోళ్లు తోముతోంది. ఈ సమస్య పాలిష్‌తో పోదు, అదే కొలతలో కొత్త సింక్ పెట్టినా పోదు.

మార్చాం. సింక్ ఉన్న వైపు గట్టుని ఇటుకలతో 4 అంగుళాలు లేపాం, 8 అంగుళాల లోతున్న స్టీల్ సింక్ పెట్టాం. అడుగు 18 నుంచి 24 అంగుళాలకి వచ్చింది. సింక్, గ్రానైట్ ముక్క, మేస్త్రీ కూలి అన్నీ కలిపి 11,500. బాగున్న పక్క బండలు రెండింటిని పెరట్లో నల్లా కింద వేశాం. నడుమునొప్పి మొత్తం పోయిందా? లేదు, అది సింక్ ఒక్కదాని వల్ల వచ్చింది కాదు. కానీ అమ్మ ఇప్పుడు మధ్యలో ఆగి నడుము పట్టుకోవడం లేదు. అది నేను చూస్తున్నా.

కొనేటప్పుడు

ఇక్కడ నా పాత తప్పు ఒకటి దిద్దుకోవాలి. ఇదివరకు ఒక షార్ట్‌లో "అయస్కాంతం అంటుకోకపోతే 304 గ్రేడ్" అని చెప్పా. అది తప్పు. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచిన చవక 200 సిరీస్ స్టీల్‌కి కూడా అయస్కాంతం అంటుకోదు. పైగా నిజమైన 304లో కూడా బాగా వంచిన మూలల దగ్గర కొంచెం అంటుకోవచ్చు. కాబట్టి అయస్కాంతాన్ని నమ్మకండి. గ్రేడ్, మందం బిల్లు మీద రాయించుకోండి. ఇంట్లో వాడే స్టీల్ సింకులకి ఐఎస్ 13983 అనే ప్రమాణం ఉంది, దాని గురించి అడగండి. గేజ్ నంబర్ పెరిగితే రేకు పలచబడుతుంది, అది కూడా గుర్తుంచుకోండి. బొటనవేలితో అడుగు నొక్కితే లోపలికి పోయేది వద్దు.

గ్రానైట్ గట్టు ఉన్నవాళ్లు సింక్ బయటి కొలత కాదు, గట్టులో కోసిన రంధ్రం కొలత తీసుకెళ్లండి. అదే రంధ్రంలో పట్టేది దొరికితే గ్రానైట్ కోసే ఖర్చు మిగులుతుంది.

ఇంకొక్క మాట. సింక్‌లో పోసిన యాసిడ్ ఎటు పోతుంది? మొయినాబాద్ చుట్టూ ఉన్న మా ఊళ్ల నీళ్లు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వైపు పారతాయి. ఒకటి 1920లో, ఒకటి 1927లో హైదరాబాద్ కోసం కట్టిన చెరువులు. వాటి చుట్టూ 10 కిలోమీటర్ల మేర కాలుష్యం రాకూడదని 1996లో 111 జీవో ఇచ్చారు. జీవో గురించి గొడవలు ఎన్ని ఉన్నా, మన ఇంకుడు గుంతలోకి యాసిడ్ పోయకపోవడం మన చేతిలో ఉన్న పని.

చివరిగా

సింక్ ముందు నిలబడి నాలుగు ప్రశ్నలు వేసుకోండి. కారేది గిన్నెనా, కింది పైపా? మచ్చ పైనే ఉందా, గుంట పడిందా? రాత్రి నింపిన నీళ్లు పొద్దున్నకి గీత దగ్గరే ఉన్నాయా? మొదటి మూడింటికి జవాబు టార్చ్, గోరు, పెన్సిల్ చెప్తాయి. నాలుగోది, ఇంట్లో రోజూ అక్కడ నిలబడేవాళ్లకి అది సరిపోతోందా? దానికి జవాబు వాళ్లే చెప్పాలి, వాళ్లని అడగండి. ఇంకా మంచిది, ఒక వారం మీరే బోళ్లు తోమండి.

నేను ఇప్పుడు రాత్రి గిన్నెలు తోముతున్నా. నాకు మాత్రం కొత్త గట్టు కొంచెం పొట్టిగానే ఉంది. అమ్మతో అంటే, "అలవాటు చేస్కో" అంది.

మీ ఇంట్లో సింక్ బండదా, స్టీల్‌దా, కింద రాయండి. మళ్లీ కలుద్దాం, ఉంటా.